గురక ఆగినప్పుడు

ఆ వేసవిలో పట్టుపురుగుల పంట ముగిసిపోకపోతే మేము కుప్పం ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళమే కాదు. మా ఆయన రెడ్డెప్ప కూర్చున్నచోటే తూగుతుంటే ఊరంతా నిందను పురుగుల మీదే వేసేది. అవి గూళ్ళు కట్టబోయే ముందు రాత్రుళ్ళు కూడా లేచి మల్బరీ ఆకు వేయాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో తూగని మనిషి ఉండడు. నేనూ అదే అనుకున్నాను. గూళ్ళు మదనపల్లె మార్కెట్టులో అమ్మేసి, పురుగుల షెడ్డు కడిగి సున్నం కొట్టేశాం. రాత్రంతా పడుకున్నా ఆయన తలనొప్పితోనే లేస్తున్నాడు. ఒక మిట్టమధ్యాహ్నం మోపెడ్ నడుపుతూ తూగి, రోడ్డు పక్క గుంతలోకి దిగాడు. ఇక పురుగుల మీద తోసే వీలు లేదు.

మదనపల్లె బస్టాండులో ఉదయం ఆరున్నరకు కుప్పం బస్సెక్కాం. వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎండ పడదు. ఊరు దాటకముందే ఆయన నిద్రపోయాడు, గురక మొదలైంది. వెనక సీట్లవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వేవాళ్ళకేం, పక్కన పడుకునేది నేను కదా!

పుంగనూరులో చింతపండు గంపతో ఒక పెద్దామె ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చుంది. దిగులు లేనోడికే ఇట్లాంటి నిద్ర పడుతుందని మెచ్చుకుంది. అంతలో గురక ఠక్కున ఆగింది.

"ఇప్పుడు సుఖంగా పండుకోనుండాడు సూడు," అంది ఆమె.

గురకకు నేనెప్పుడూ భయపడలేదు, అది ఆగితేనే భయం. ఆయన పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి లేదు. మోచేత్తో గట్టిగా పొడిచాను. నీళ్ళలో మునిగి పైకి తేలినవాడిలా ఒక్కసారిగా గాలి మింగి, పలమనేరు వచ్చిందా అని అడిగి, మళ్ళీ నిద్రలోకి జారాడు.

పెద్దామె మొహంలో నవ్వు పోయింది. "ఇది నిద్ర కాదు తల్లీ. బిరీన సూపించు," అంది.

పలమనేరులో బస్సు ఆగినప్పుడు ఇడ్లీలు తిన్నాం. వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పది దాటింది. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం.

డాక్టరమ్మ ఏమిటి బాధ అని అడిగితే, తనకేమీ లేదని, ఇదంతా పెళ్ళాం పోరేనని ఆయన చెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది.

"నిద్రలో జరిగేది ఆయనకెట్ల తెలుస్తుంది? నువ్వు చెప్పమ్మా."

అన్నీ చెప్పాను. గురక, మధ్యలో ఊపిరి ఆగడం, ఉలిక్కిపడి లేవడం, పొద్దున తలనొప్పి, పగటి తూగు. నిద్రలో గొంతు కండలు వదులై గాలిదారి మూసుకుపోతోందని ఆమె అంది. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారట. మెడ లావును కొలిచింది, బీపీ చూసింది, అదీ ఎక్కువే ఉంది. ఒక రాత్రి ఉంచి పరీక్ష చేసే బెంగళూరు ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. అంతదాకా పక్కకు తిరిగి పడుకోవాలి, మద్యం ముట్టకూడదు, మోపెడ్ తాకకూడదు. వదిలేస్తే గుండెకు ముప్పన్నప్పుడు ఆయన మొహం పాలిపోయింది.

మూడింటి బస్సుకు తిరుగుముఖం పట్టాం. ఎన్నాళ్ళుగానో ఆయన ఊపిరికి కాపలా కాసిన కళ్ళు నావి, ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు. పుంగనూరు దగ్గర మెలకువ వచ్చింది. పక్కన గురక లేదు. చప్పుడే లేదు. దేవుడా అనుకుంటూ ఆయన ముక్కు దగ్గరికి చెయ్యి చాచాను.

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రెప్పలు బలవంతంగా తెరిచి పెట్టుకున్నాడు. నిలబడి కూడా తూగే మనిషి, కుప్పం నుంచి కన్ను మూయలేదు.

"నువ్వు పండుకో," అన్నాడు. "నాకు నిద్రపోవాలంటే భయంగా ఉండాది."