ముల్లు లేని గాలం

పిన్నీసు కోసం కుట్టుపని డబ్బాలో చెయ్యి పెట్టగానే బొటనవేలికి చురుక్కుమంది. సూది అనుకున్నాను. వేలు పైకి తీస్తే దాంతోపాటు వేలాడుతూ వచ్చింది ఒక గాలం, తుప్పు పట్టి నల్లబడినది. ఒక్క క్షణం ఒళ్లు జల్లుమంది గానీ, కొంచెం వెనక్కి లాగగానే సులువుగా ఊడి వచ్చేసింది. రాక ఏం చేస్తుంది, దానికి ముల్లు లేదు. ఆ ముల్లును పదకొండేళ్ల వయసులో ఆకురాయితో అరగదీసింది నేనే, ముక్కు చీదుకుంటూ, పక్కన కూర్చున్న మా కమలత్తను మనసులో తిట్టిపోసుకుంటూ. అది చుట్టి ఉన్న పాత గుడ్డ డబ్బా అడుగునే దొరికింది, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఆముదం వాసన ఇంకా కొంచెం మిగిలే ఉంది. తిరుపతిలో మూడో అంతస్తులో, ట్యాంకరు నీళ్లతో బతికే ఇంట్లో నిలబడి నేను మా బావి మెట్ల మీదికి వెళ్లిపోయాను.

మాది బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల మధ్య పల్లె. తొంభైల నాటి మాట. మా వైపు దసరా రోజుల్లో, వెంకన్నకు మొక్కే పెరటాసి నెల వచ్చిందంటే ఒక పక్క వాన ముసురు, ఇంకో పక్క చెనిక్కాయల పీకుడు, అదే వేరుశనగ, ఊరంతా తడి మట్టీ ఉడకబెట్టిన చెనిక్కాయలూ కలిసిన ఒకటే వాసన. శనివారం పొద్దున పిల్లలమంతా తలలు తడారకుండానే నామాలు పెట్టుకుని, చెంబులు పట్టుకుని, గోవిందా గోవిందా అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కొచ్చేవాళ్లం, ఆ బియ్యంతో మా అమ్మ చక్కెర పొంగలి వండితే దాని నెయ్యి మోచేతుల దాకా కారేది. నెలంతా ఇంట్లో నీసు ముట్టరు. కోడిగుడ్డు పేరెత్తినా అమ్మ గరిటె ఎత్తేది.

అలాంటి నెలలో గాలం పట్టుకుని బావికి పోయే మనిషి మా ఊళ్లో ఒక్కతే, మా కమలత్త. మా నాయనకు అక్క. ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి వాళ్ల చేనూ మా చేనూ పక్కపక్కనే, మధ్యలో బావి రెండిళ్లకూ ఉమ్మడి. "ఆడమనిషికి గాలమేంది తల్లీ" అని దారిన పోయేవాళ్లంటే, "మొగోళ్లకు పేకాటేంది నాయనా" అని తల తిప్పకుండానే జవాబు చెప్పేది. పెరటాసిలో చేపలేంటని మా అమ్మ సణిగితే, "తినగూడదన్నారు గానీ పట్టగూడదన్నారా?" అనేది. నిజంగానే ఆ నెల పట్టిందల్లా వదిలేసేది. మిగిలిన నెలల్లో మాత్రం మామిడికాయ వేసి పులుసు పెట్టేది, ఆ పులుసు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. దయాదాక్షిణ్యాల మనిషేం కాదు. వదిలేదాన్ని మాత్రం సరిగ్గా వదలాలి, సగం చంపి వదలడం దొంగ పుణ్యం అనేది.

అందుకని ఆమె గాలాలకు ముల్లుండేది కాదు. గాలం మొనకు లోపలి వైపు, వెనక్కి తిరిగి చిన్న ముల్లుంటుంది కదా, గుచ్చుకుంది మళ్లీ ఊడిరాకుండా పట్టేసేది, దాన్ని ఆకురాయితో రాసి నున్నగా చేసి, ఆముదం గుడ్డలో చుట్టి పెట్టేది. గాలానికి నైలాన్ దారం, నెమలీక కాడతో చేసిన బెండు, వెదురు గెడ. అంతే ఆమె సామాను. చేపను ముట్టేముందు చేతులు తడుపుకోవాలి, ఎండిన బండ మీద పడెయ్యకూడదు, నీళ్లలోకి విసరకూడదు, పొట్ట కింద చెయ్యేసి పట్టుకుని అదంతట అదే పోయేదాకా ఆగాలి. ఇంకో కట్టడి కూడా ఉండేది. బావిలో కొర్రమీను పిల్లలు పెట్టిందంటే, అవి నల్లబడి ఎవరి దారిన అవి పోయేదాకా ఎవరూ గాలం వెయ్యకూడదు. కొర్రమీను పిల్లలు చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయి. వందలకొద్దీ ఒకేచోట గుంపుగా పైకీ కిందికీ ఆడుతుంటే నీళ్ల మీద ఎర్రటి మరక, ఎసట్లో బియ్యం మరిగినట్టు మరుగుతూ ఉంటుంది. పెద్ద చేప వాటి కిందే కాపలా. గుంపులో ఏం పడినా ఆకలికి కాదు, కోపంతో వచ్చి కరుస్తుంది.

నాకు ఇదంతా తెలుసు. తెలిసే చేశాను. ముల్లు లేని గాలంతో చేప పట్టాలంటే దారం బిగువు సడలకూడదు, రవంత సడలినా అది తప్పుకుంటుంది. అత్త చేతికి ఆ లెక్క తెలుసు, నాకు తెలియదు. రెండేళ్లు ఆమె పక్కన కూర్చుని ఒక్క చేపను కూడా గట్టు మీదికి తేలేకపోయాను. అత్త కొడుకు సురేంద్ర బావ ఒకటే ఎగతాళి. "నీ గాలానికి చేపలొచ్చి పలకరించి పోతా ఉండాయి పిల్లా, కాఫీ అన్నా ఇయ్యి వాటికి" అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ దసరా సెలవుల్లో సంతలో ఒక గాలాల పొట్లం కొనుక్కొచ్చాను, ముళ్లతో సహా. సాయంత్రం బస్సుకు బావ చిత్తూరు నుంచి వస్తాడు. చేపను బిందెలో పెట్టి చూపించి, వాడి నోరు మూయించి, వదిలేస్తాను. అంతే కదా, తప్పేముంది అనుకున్నాను.

మధ్యాహ్నం అత్త చెనిక్కాయల చేలో ఉంది. నేను మోటారు గదిలోంచి గెడ తీసుకుని, దాని గాలం విప్పి నాది కట్టి, చిన్న కప్పను గుచ్చి, బావి మెట్లు దిగాను. నీళ్లు మెట్ల మీదికే వచ్చి ఉన్నాయి. ఎర్రమరక మూలన ఆడుతూ ఉంది. దాని మధ్యలో కప్పను వేశాను. ఊపిరి తీసేలోపు నీళ్లు ఢామ్మని లేచాయి, గెడ వంగిపోయింది. దారం సడలింది, బిగిసింది, మళ్లీ సడలింది, అయినా చేప పోలేదు. పోదు, ముల్లు ఉంది కదా. మోచేతి పొడవున్న చేప, నల్లటి వీపు, పాము తల. మెట్టు మీదికి లాగేశాను. సంబరం ఎంతసేపులే! పొడి చేత్తోనే దాని దవడ పట్టుకున్నాను. అది ఒక్క విదిలింపు విదిలించింది. దవడలోంచి బయటికి పొడుచుకొచ్చిన గాలం మొన సూటిగా నా బొటనవేల్లోకి దిగింది, ముల్లు దాటి.

చేపా నేనూ ఒకే గాలానికి పడ్డాం. అది కొట్టుకుంటే నా వేలు చీలుతోంది, నేను గుంజితే దాని దవడ చీలుతోంది. పాచి పట్టిన మెట్టు మీద, ఒళ్లో చేపను అదిమి పట్టుకుని కూర్చుండిపోయాను. కొంచెం జారితే ఇద్దరం నీళ్లలోకే, నాకు ఈత సరిగ్గా రాదు. "అత్తా! అత్తా!" అని గొంతు పగిలేలా అరిచాను. అరుస్తూనే చూశాను, మూలన ఎర్రమరక చెదిరిపోతోంది. కాపలా లేదని తెలిసిపోయినట్టుంది, కింద నుంచి పరిగె చేపలు తళుక్కు తళుక్కున వచ్చి ఆ పిల్లల్ని మింగుతున్నాయి. గోడ రాళ్ల సందులోంచి నీళ్లపాము ఒకటి తల బయటపెట్టి నింపాదిగా అటే ఈదింది. ఒళ్లో ఆ చేప గుండె నా పొట్టకు తెలుస్తూ ఉంది. అంత భయం అంతకుముందు నేనెరగను.

అత్త చెనిక్కాయల మట్టి చేతులతో పరుగెత్తుకొచ్చింది. పై మెట్టు మీద నుంచే ఒక చూపు నా వేలు చూసింది, ఒక చూపు మూలన ఎర్రమరక చూసింది.

"కదలబాక. కదిలితే ఇద్దురికీ చీల్తాది."

మోటారు గదిలోకి పోయి ఫ్యూజులు సరిచేసే కటింగ్ ప్లేయరు తెచ్చింది. దిగి వచ్చి, నేను గావుకేకలు పెడుతుంటే, ముందు ఏం చేసిందో తెలుసా? వంగి చేతులు కడుక్కుంది. తడి చేతులతో చేపను నా ఒళ్లోంచి కొద్దిగా ఎత్తి పట్టుకుని, దాని నోట్లో ప్లేయరు పెట్టి గాలం కాడను టక్కున కత్తిరించింది. కత్తిరించిన వైపు నుంచి దవడను మెల్లిగా జార్చింది. చేప విడిపోయింది. వంపూ మొనా నా వేల్లో మిగిలిపోయాయి.

"నొప్పత్తా, నాది తీయత్తా!"

"రోంత తాళు పాపా."

నాకు వీపు తిప్పి, నడుము దాకా నీళ్లలోకి దిగి, చేపను రెండు అరచేతుల మీద పట్టుకుని నిలబడింది. అది కదల్లేదు. అత్తా కదల్లేదు. వేల్లోంచి రక్తం మెట్టు మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఎంతసేపో నాకు తెలియదు, నాకు మాత్రం ఒక యుగం. చివరికి తోక ఒకసారి ఆడింది, చేప కిందికి మునిగిపోయింది. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. "ఎనక్కి రాదిది, ముందరికే పోవాల. అరువు, గట్టిగా అరువు" అని, మొనను ఇంకా ముందుకు తోసింది. చర్మం చీల్చుకుని ముల్లు ఇవతలికి వచ్చింది. దాన్ని కత్తిరించి, మిగిలింది వెనక్కి లాగేసింది. నా అరుపుకు ఆ పక్క చేలో నుంచి నాయన వచ్చేశాడు.

జరిగింది విని నాయన మండిపడ్డాడు. "ఏమక్కా, బిడ్డ కంటే చేప ముందా నీకు?"

"బిడ్డకు నేనుండా, నువ్వుండావు, సూదేసేదానికి డాక్టరుండాడు. ఆ ఎర్రపిల్లలకు ఎవురుండారురా?"

బంగారుపాళ్యం ఆసుపత్రిలో ధనుర్వాతం సూది వేయించుకుని వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అత్త ఇంకా బావి మెట్ల మీదే ఉంది, తడి చీరతోనే. బస్సు దిగిన సురేంద్ర బావ నా కట్టు చూసి నోరెత్తలేదు. ఎర్రమరక సగానికి సగం తగ్గిపోయి, రెండు ముక్కలై తిరుగుతోంది. కొర్రమీను జాడ లేదు. "రాదేమోనత్తా" అన్నాను. చచ్చిపోయి అడుగున పడి ఉంటుందనుకున్నాను. ఇంక కనిపించనంత మసక పడే వేళకు, చిన్న ముక్క కింద నల్లగా ఏదో లేచింది, గుటుక్కున ఒకసారి గాలి మింగి, ఆ ముక్కను మెల్లగా రెండో ముక్క వైపు తోలుకుపోయింది. అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంటికి పోయాక పొట్లంలో మిగిలిన గాలాలూ ఆకురాయీ నా ముందు పెట్టింది, కట్టున్న చేత్తోనే ఒక్కో ముల్లూ అరగదీయించింది. సంక్రాంతి దాకా ఆమెతో మాట్లాడలేదు నేను. నాకంటే చేప ఎక్కువైపోయింది కదా ఈమెకు అని నా ఉక్రోషం.

తర్వాత పదేళ్లలోనే అందరూ బోర్లు వేశారు. మా బావి ముందు మెట్టు మెట్టుగా దిగింది, తర్వాత బురదైంది, తర్వాత పగుళ్లిచ్చింది. ఆ ఆఖరి బురదలో కొర్రమీనుల్ని అత్త తడి గోనెసంచిలో మోసుకుపోయి చెరువులో వదిలిందట, నేనప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉన్నాను. మరో రెండేళ్లకు చెరువూ ఎండింది. అత్త పోయి కూడా చాలా ఏళ్లయింది. పోయిన పెరటాసిలో ఊరికి వెళ్తే బావిలో ముళ్లకంపలూ, పగిలిన మామిడిపండ్ల ట్రేలూ ఉన్నాయి. సిగ్గులేని కళ్లు అయినా ఎర్రమరక ఆడిన ఆ మూలకే పోయాయి.

ఇప్పుడు వేలికి నెత్తురు కూడా రాలేదు, పాత మచ్చ పక్కన ఎర్రటి చుక్క, అంతే. నాయనకు అత్త చెప్పిన జవాబులో ఇన్నేళ్లూ నేను పట్టుకు వేలాడింది చివరి సగాన్నే, ఆ ఎర్రపిల్లలకు ఎవరున్నారన్న ముక్కనే. దానికి ముందు ఇంకొకటి అంది కదా. బిడ్డకు నేనుండా అంది. అందరికంటే ముందు తన పేరే చెప్పుకుంది మహాతల్లి. గాలాన్ని మళ్లీ ఆ ఆముదం గుడ్డలోనే చుట్టి డబ్బాలో పెట్టేసి, పిన్నీసు సంగతి మరిచిపోయి, చాలాసేపు ఏడ్చాను.