పనికి రాని గట్టయ్య

వామనరావు సారు ముందు 'పని' అనే మాట జారిందా, అంతే సంగతులు. "ఎంత దూరం కదిలింది?" అని పట్టుకునేవారు. ఎంత బలం పెట్టినా వస్తువు కదలకపోతే భౌతికశాస్త్రంలో అది పని కాదు. ఆ ముక్క కాలేజీలో పిల్లలకు చెప్పి ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. పొద్దంతా పొయ్యి ముందు నిలబడ్డానన్న భార్య ఆండాళమ్మతో, "నిలబడితే పనెట్లయితది?" అన్నారు. ఆ పూట ఇంట్లో వంట లేదు. చివరికి ఆయన కనబడితే గోదావరిఖనిలో అందరూ 'డ్యూటీ' అనే అనేవాళ్లు.

పక్కింటి గట్టయ్యకు ఆ తెలివి లేకపోయింది. గనిలో పైకప్పు కుంగినప్పుడు, ఆపుగా పెట్టిన దుంగ జారకుండా భుజమానించి నిలబడ్డాడు. నలుగురు బయటపడ్డారు. అతని భుజం మాత్రం పనికిరాకుండా పోయింది. దవాఖానకు చూడవచ్చిన సారుతో, "పెద్ద పనే చేసిన సార్" అన్నాడు.

"దుంగ కదిలిందా?"

"కదిల్తే నేనుందునా?"

"మరి పని సున్నా గదా, గట్టయ్యా."

గట్టయ్య ఆయనతో మూడేళ్లు మాట్లాడలేదు.

ఆ మూడేళ్లూ సారు ఇంటర్ పిల్లల కోసం తెలుగులో పాఠ్యపుస్తకం రాశారు. ఆయనకున్న ఆశ ఒక్కటే, అట్ట మీద తన పేరు. డెబ్భై మూడులో పుస్తకం వచ్చింది. అట్ట మీద పేరు హైదరాబాదు పాఠ్యపుస్తకాల కమిటీ పెద్దమనిషిది. ఆ పెద్దమనిషి రాసింది సంతకం ఒక్కటే. సారు పేరు లోపల, కాగితం సప్లై చేసినాయన పేరు కింద, చీమతలంత అక్షరాల్లో ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది.

మంచిగైంది అనుకున్నాడు గట్టయ్య. అప్పుడే ఆండాళమ్మ వచ్చి పుస్తకం ముందు పడేసింది.

"కమిటోళ్లు ఒక్క మాట కొట్టేస్తమన్నరట. గా మాట ఉంచుండ్రి, అట్ట మీద నా పేరు తీసేసుకోండ్రి అన్నరట ఈయన. ఏం మాటో చదువు!"

గట్టయ్య కూడబలుక్కుని చదివాడు. 'కుంగే కప్పు కింద కదలకుండా నిలబడి నలుగురిని కాపాడిన గట్టయ్య చేసినదాన్ని కొలిచే సూత్రం మన దగ్గర లేదు. ఆ లోపం శాస్త్రానిది.'

కళ్లు మండాయి. విసవిసా పక్కింటికి పోయాడు.

"గిదేంది సార్? గీ మాట దవాఖానలనే అనరాదా?"

"అప్పుడు నాకే తెల్వదు. రాస్తాంటె తెలిసింది."

"మరి మీ పేరు పాయె గదా!"

"పోలేదయ్యా. అట్ట మీదికెల్లి లోపలికి కదిలింది. లెక్క ప్రకారం, పనయినట్టే."

"నీ లెక్క పాడుగాను!" అని తిట్టి, మూడేళ్ల కోపాన్నీ ఒక్కసారే నవ్వేశాడు గట్టయ్య.