భీమప్ప మామ పదకొండు సార్లు తిట్టిన సినిమా

భీమప్ప మామకు సినిమా అంటే పరమ అసహ్యం. అందుకే ఒక్క సినిమా కూడా వదిలిపెట్టేవాడు కాదు.

తాండూరులో నాపరాళ్లు చెక్కీ చెక్కీ అరవయ్యో ఏట సుత్తి పక్కన పెట్టిన మనిషి. చేతులు ఖాళీ అయ్యాక నోటికి పని పెట్టుకున్నాడు. ఊళ్లో డేరా టాకీసు దిగిందంటే మొదటి ఆటకు మొదటి టికెట్టు ఆయనదే. మర్నాడు సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి, మా దుకాణానికి కందిపప్పు చెరిగే ఆడవాళ్ల ముందు ఆ సినిమాను ఉతికి ఆరేసేవాడు.

"థూ. గదొక సినిమానా? ఎవ్వలు పోవొద్దు," అని మొదలుపెట్టేవాడు. పాట ఎంత చెడ్డదో మాకు తెలియాలి కదా, అందుకని పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడేవాడు. సినిమాలో పిల్ల నడక ఎంత అన్యాయమో చూపించడానికి కండువాను కొంగులా వేసుకుని అరుగు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. తెల్లారితే మళ్లీ డేరా వైపే.

"మల్లెందుకు పోతున్నవ్ మామా?" అని నేను అడ్డం పడేదాన్ని.

"నిన్న సరిగ్గ తిట్టలేదు కోడలా."

పందొమ్మిది వందల అరవై ఒకటి ఎండాకాలంలో ఒక సినిమా వచ్చింది. పేరు చెప్పను, చెబితే మామ నన్ను కూడా తిడతాడు. పదహారేళ్ల పిల్ల, పదిహేడేళ్ల పిల్లవాడు, ఒకే బడి. వాన పడితే ఇద్దరికీ ఒకే గొడుగు. దాన్ని మామ వరసగా పదకొండు రోజులు చూశాడు, పదకొండు రోజులు తిట్టాడు.

తిడితే తిట్టాడు, నన్ను ఎందుకు పోనివ్వకూడదు? మామే మా ఆయన రాధాకిషన్ గారి దగ్గర కూర్చుని "ఇజ్జతున్న ఇంటి ఆడోళ్లు చూసేది కాదు" అని నూరిపోశాడు. వాడలో ప్రతి ఇంటికీ పోయి అదే మాట చెప్పాడు. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగలదాన్ని. అలాంటి నేను రెండు వీధుల అవతల ఆడే సినిమాను ఇంకొకరి నోట వినాలా? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సినిమా చూసిన మగవాళ్లు ఆ వేళప్పుడు మా అరుగు మీద ఉండరు. జంగప్ప ఒక్కడే ఉండేవాడు. మా దుకాణంలో తూకం వేసే మనిషి, సినిమా మొహం ఎరగడు. చెరిగిన పప్పు కోసం స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. ఆయన బిడ్డ చంద్రవ్వ మాతోనే తలవంచుకుని చెరిగేది. పదిహేడేళ్ల పిల్ల. మర్పల్లిలో భార్య పోయి, ఇద్దరు పిల్లలున్న ముప్పయ్యెనిమిదేళ్ల ఆసామికి ఆమెను ఇస్తానని జంగప్ప మాటిచ్చాడు. సంబంధం ఖాయం చేసే పూలుపండ్లకు ఇంకా పదిహేను రోజులే ఉంది. చంద్రవ్వ మనసులో ఉన్నదేమో తనతో బళ్లో చదివి, వికారాబాద్ స్టేషన్లో పనికి కుదిరిన బీరన్న. ఇది వాడంతటికీ తెలుసు, నా వల్లే. జంగప్పకు చెప్పబోయినవాళ్లకు మాత్రం ఒకటే జవాబు: "నా బిడ్డ, నా ఇష్టం."

మూడో రోజు నుంచి మామ ఆ పిల్లనూ పిల్లవాణ్నీ వదిలి, పిల్ల తండ్రిని పట్టుకున్నాడు. అదీ తిట్టడానికి కాదు.

"గంత పాడు సినిమల ఒక్కడే మొగోడున్నడు. ఆ పిల్ల నాయన. మీసం దువ్వి, జర దగ్గి, 'నా బిడ్డ, నా ఇష్టం' అంటడు. భేష్."

జంగప్ప మీసం దువ్వుకుని, దగ్గి, "మంచోడే," అన్నాడు.

ఆ మంచోడు రోజుకింత పెరిగాడు. ఒక రోజు బిడ్డ పుస్తకాలు పొయ్యిలో పెట్టాడు. ఇంకో రోజు ఆమెను తన ఈడు మనిషికి కట్టబెట్టాడు. నేను చాటలో కన్నీళ్లు రాలుస్తూ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఊకో కోడలా, తండ్రిని అట్లనొద్దు. ఆయనకు తెల్వదా?" అని మామ నన్నే కసిరాడు. జంగప్ప ఈసారి మీసం ముట్టుకోలేదు.

పదకొండో రోజు మామ ఆఖరి ముచ్చట చెప్పాడు.

"పదేండ్లకు తండ్రి బిడ్డను చూడనీకి పోయిండు. బిడ్డ బయటికొచ్చి చెంబుల నీళ్లిచ్చింది. 'మా ఆయన ఊళ్లె లేడు, మల్ల రండ్రి,' అన్నది. లోపటికి పోయింది."

"నాయనా అనలేదా?" అన్నాడు జంగప్ప.

"ఎందుకనాలె? గట్టి తండ్రి పెంచిన గట్టి బిడ్డ."

"మరి ఆయన ఏం జేసిండు?"

"నీళ్లు తాగి వచ్చిండు. దూప తీరింది గద, ఇంకేం గావాలె జంగప్పా?"

ఆ సాయంత్రం పప్పు తూకం పడలేదు. జంగప్ప, "బిడ్డా, జర నీళ్లియ్యి," అన్నాడు. చంద్రవ్వ తెచ్చి, "ఇగో నాయనా," అంది. ఆయన తాగలేదు. చెంబు రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తెల్లవారి మర్పల్లి పోయి తన మాట వెనక్కి తీసుకుని వచ్చాడు. రెండేళ్ల తర్వాత బీరన్నకే పిల్లనిచ్చాడు.

మామ మాత్రం పన్నెండో రోజు సినిమాకు పోలేదు. అడిగితే "తిట్లయిపోయినయ్" అన్నాడు. నాకు అది మింగుడుపడలేదు. మా ఆయనతో గుడికని చెప్పి, పక్కింటి మొగులమ్మను వెంటేసుకుని డేరాలో ఆడవాళ్ల పరదా వెనక కూర్చున్నాను. ఆ తండ్రి తెర మీదికి రాగానే అనడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకుని మరీ పోయాను.

వచ్చాడు, మొదటి రీలులోనే. గోడ మీద, దండ వేసిన పటంలో. పిల్ల పుట్టకముందే పోయాడట.

పొరపాటున బతికి వస్తాడేమోనని చివరిదాకా చూశాను. రాలేదు. బడి ఆఖరి రోజున గొడుగు ఎవరు తీసుకుపోవాలో తేలక, దాన్ని మధ్యలో పెట్టి ఆ పిల్లలిద్దరూ వానలో తడుస్తూ నిలబడ్డారు. అంతటితో అయిపోయింది. అంత చక్కని సినిమా నేను మళ్లీ చూడలేదు.

పొద్దున్నే మామ ఇంటికి పోయి నిలదీశాను. "మామా, ఆ పిల్లకు నాయన యాడున్నడు? లేని మనిషి కోసం తొమ్మిది రోజులు నన్ను ఏడిపిస్తవా?"

"ఉన్నడు కోడలా. నువ్వు పరదా ఎనుక కూసున్నవ్, కనబడలే," అన్నాడు తొణకకుండా. ఆ తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "గొడుగు కాడ ఎట్లుంది?"

"థూ," అన్నాను. "గదొక సినిమానా?"

"మరి ఇయ్యాల మల్ల పోతవా?"

"పోత. నిన్న సరిగ్గ తిట్టలేదు."

మామ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నడువు, నేనూ వస్త. ఒక్కదానివి ఎంతని తిడతవ్?"