రీసెట్ బాబాయ్ కళ్ళజోడు

ఆ సబ్‌స్టేషన్‌లో ఇరవై ఆరేళ్ళుగా ఆపరేటరుగా ఉన్నాయన్ని అందరూ రీసెట్ బాబాయ్ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో మాత్రం బతికుంది. ఈ బిరుదు ఆయనకి ఊరికే రాలేదు. ఏ వీధిలో కరెంటు పోయినా నిమిషం తిరక్కుండా తెప్పించే మొనగాడని ఆయనకి పేరు.

ఆ నిమిషంలో ఆయనేం చేసేవాడో తెలియాలంటే రిలే సంగతి రెండు ముక్కలు చెప్పాలి. రిలే అంటే లైనుకి కాపలాదారు. ఎక్కడైనా తీగ తెగినా, కొమ్మ తగిలినా, కేబులు లోపలికి నీళ్ళు చేరినా కనిపెట్టి బ్రేకరుని పడేస్తుంది. కరెంటు ఆగుతుంది. ఆపి ఊరుకోదు, ఎందుకు ఆపిందో కూడా చెబుతుంది. పాతకాలం రిలేలో అయితే అద్దం వెనక నారింజ రంగు రేకుముక్క ఒకటి కిందికి పడేది. దాన్ని ఫ్లాగు అనేవారు. ఏ ఫ్లాగు పడిందో లాగ్ బుక్కులో రాసి, అప్పుడు దాన్ని పైకి లేపి, లైను చూసొచ్చాక బ్రేకరు వెయ్యాలని రూలు. బాబాయ్ అందులోంచి 'రాసి', 'చూసొచ్చాక' అనే రెండు అనవసరపు మాటలు తీసేసి, మిగిలిన రూలుని తు.చ. తప్పకుండా పాటించేవాడు.

పదిసార్లలో తొమ్మిదిసార్లు అది చెల్లిపోయేది కూడా. తీగమీద వాలిన పక్షి దాని కర్మాన అది పోయేది, ఊగిన కొమ్మ వెనక్కి తగ్గేది, వేసిన బ్రేకరు నిలబడేది. పదోసారి మళ్ళీ పడేది. మళ్ళీ వేసేవాడు. మూడోసారి వేసినా పడితే లైన్‌మన్‌ని పిలిచేవాడు. అప్పటికి ఫ్లాగులన్నీ లేచి బుద్ధిగా తమ చోట కూర్చునేవి కాబట్టి ఏం జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. తెలియనిదానికి సంజాయిషీ ఉండదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా లేని మచ్చలేని మనిషి అలా తయారయ్యాడు.

ఇంట్లో మాత్రం ఈ పద్ధతి సాగేది కాదు. ఆయన భార్యకి వీధి చివర జిరాక్సు కొట్టు ఉండేది. ఏ కాగితానికైనా రెండో కాపీ ఉండాలన్నది ఆవిడ సిద్ధాంతం. ఆయన ఎప్పుడో పన్నెండేళ్ళ కిందట అన్న మాట కూడా ఆవిడ దగ్గర కాపీ ఉండేది, అడక్కుండానే తీసి చూపించేది.

ఇలా ఉండగా పాత రిలేలు తీసేసి కొత్తవి పెట్టారు. వాటి గురించి నేర్పడానికి కంపెనీ నుంచి ఒక టై కట్టుకున్న ట్రైనరు వచ్చాడు. రెండురోజులు తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. మొదటిరోజు కంపెనీ చరిత్ర, రెండోరోజు కంపెనీ భవిష్యత్తు. వర్తమానానికి టైము చాలలేదు. అసలు రిలే దగ్గరికి తీసుకెళ్ళింది గ్రూపు ఫొటో కోసం మాత్రమే.

రిలే ముఖం చిన్న పుస్తకమంత. పైన నాలుగు వరుసల తెర. పక్కన నిలువుగా ఎనిమిది బుల్లి దీపాలు, ఒక్కోదాని పక్కనా ఒక్కో మాట. తెర కింద పైకీ కిందికీ బాణం బటన్లు, ఎంటర్, ఎస్కేప్. ఇవి కాక బ్రేకరు వెయ్యడానికి క్లోజ్ అని ఒకటి, తియ్యడానికి ఒకటి. అన్నిటికంటే పెద్దగా, పసుపుపచ్చగా, దూరపు చుట్టంలా నవ్వుతూ కనిపించింది రీసెట్ బటను. బాబాయ్ ప్రాణం కుదుటపడింది. మిగిలినవాటితో ఆయన పరిచయం పెట్టుకోలేదు.

పెట్టుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని ఆయన భార్యకి కూడా చెప్పలేదు. ఆ దీపాల పక్కన రాసిన అక్షరాలు ఆయనకి చీమలబారులా కనిపించేవి. యాభై నాలుగేళ్ళ వయసులో పేపరుని చెయ్యి చాచి పట్టుకుని చదవడం ఆయనకి అలవాటైంది కానీ, గోడకి బిగించిన రిలేని చెయ్యి చాచి పట్టుకోవడం ఎలా? నాలుగడుగులు వెనక్కి వేస్తే అక్షరాలు కనబడ్డాయి గానీ మరీ చిన్నవైపోయాయి. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలివాడని ముద్ర వేసి గేటు దగ్గర కూర్చోబెడతారని భయం. కళ్ళు లేకపోయినా ఫరవాలేదు గానీ కళ్ళజోడు ఉండకూడదన్నమాట.

రాత్రంతా వాన కురిసిన ఒకరోజు, పొద్దున్న పదిన్నర దాటాక, మార్కెట్‌కి కరెంటు మోసే లైను, అదే మార్కెట్ ఫీడరు, పడిపోయింది. రిలే మీద మూడు దీపాలు ఎర్రగా వెలిగాయి. వెంటనే ఫోను మోగింది. అవతల ఇంజనీరు.

"ఏంటి బాబాయ్, మార్కెట్ వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు!"

"ఇప్పుడే పడింది సార్."

"పడిందని నాకూ తెలుసు. నొక్కి వేసెయ్, మళ్ళీ చూద్దాం."

బాబాయ్ నొక్కాడు. దీపాలు ఆరాయి. బ్రేకరు వేశాడు. పడింది. నొక్కాడు, వేశాడు. పడింది. మూడోసారి వేసినప్పుడు బ్రేకరుతో పాటు దూరంగా ఎక్కడో ఢామ్మని చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే మార్కెట్ వైపు నల్లటి పొగ. కేబులు జాయింటులోకి నీళ్ళు దిగాయట. మూడుసార్లు కరెంటు తోసేసరికి అది పేలి, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరుని కూడా తోడు తీసుకుపోయింది. నిమిషంలో రావాల్సిన కరెంటు రెండురోజులకి వచ్చింది. అదృష్టం కొద్దీ మనుషులెవరికీ ఏమీ కాలేదు.

విచారణ రోజున బాబాయ్ ధీమాగానే ఉన్నాడు. దీపాలన్నీ ఎప్పుడో ఆర్పేశాడు కదా. అప్పుడు ట్రైనరు ఒక ల్యాప్‌టాపు తెచ్చి, రిలే ముఖానికి తీగ తగిలించి, డాక్టరు గుండె విన్నట్టు కాసేపు విని, కాగితం తీశాడు.

"పది నలభై రెండు నిమిషాల ఏడు సెకండ్లు. ముందు ప్యానెల్ నుంచి రీసెట్ నొక్కారు," అని చదివాడు. "ముప్పై ఒకటో సెకండుకి బ్రేకరు వేశారు. అదే సెకండులో మళ్ళీ పడింది. నలభై మూడు నిమిషాల రెండు సెకండ్లకి మళ్ళీ రీసెట్..."

బాబాయ్ రిలే వంక చూశాడు. నమ్మిన మనిషి కోర్టులో ఎదుటిపక్షం సాక్షిగా నిలబడితే చూసినట్టు చూశాడు.

"అది ఇవన్నీ రాసుకుంటుందా?"

"ట్రైనింగులో చెప్పాం కదండీ," అన్నాడు ట్రైనరు. చెప్పలేదు.

"సార్, మీరే కదా నొక్కి వెయ్యమన్నారు?" అని బాబాయ్ ఇంజనీరు వైపు తిరిగాడు.

ఇంజనీరు చాలా బాధగా మొహం పెట్టాడు. "నేను చూసి వెయ్యమన్నాను. 'చూద్దాం' అన్న మాట నాకు బాగా గుర్తు."

ఆయన వేలు పెట్టిన ప్రతి సెకండూ రిలే రాసుకుంది కానీ ఫోనులో మాట రాసుకోలేదు. లాగ్ బుక్కులో రాసి ఉండాల్సిన మనిషికి రాసే అలవాటే లేదు. మొత్తం పాపం ఒక్క వేలికి చుట్టారు. ఇరవై ఆరేళ్ళ తరవాత మొదటి మెమో వచ్చింది. శిక్షగా అదే ట్రైనరు దగ్గర అదే ట్రైనింగు ఇంకోసారి తీసుకోమన్నారు.

ఆ సాయంత్రం ఆయన మార్కెట్ మీదుగా ఇంటికి నడిచాడు. కాలిన ట్రాన్స్‌ఫార్మరు కింద గోడంతా మసిబారి ఉంది. దాని పక్కనే కూరలమ్ముకునే ఒకావిడ గోనెపట్టా తడిపి గోడని తుడుస్తోంది. ఆవిడ రోజూ కూర్చునే చోటు అక్కడికి నాలుగడుగులే. ఆ మూడు దీపాలూ ఏం చెప్పాయో ఆయనకి ఇప్పటికీ తెలియదు. అసలు తను చదవలేదు కదా.

ఇంటికొచ్చి, మెమో భార్య చేతికిచ్చి, కళ్ళ సంగతి కూడా చెప్పేశాడు. ఆవిడ ముందు మెమోకి రెండు కాపీలు తీసి, తరవాత మాట్లాడింది.

"పేపరు తలకిందులుగా పట్టుకుని వార్తలు బాగా లేవన్నారు మొన్న. అప్పుడే అనుకున్నాను. పదండి."

"ఎక్కడికి?"

"కళ్ళ డాక్టరు దగ్గరికి. మీ వేలికి జిరాక్సు లేదు, అది ఊడితే నేనేం చెయ్యలేను."

కళ్ళజోడు పెట్టుకుని మొదటిరోజు డ్యూటీకి వెళ్తే ఎవరూ ముసలివాడనలేదు. ఎవరూ గమనించనే లేదు. ఆయనకి కొంచెం చిన్నతనం అనిపించింది కూడా.

మధ్యాహ్నం పనిలేని వేళ రిలే ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. భయం భయంగా కింది బాణం నొక్కాడు. తెర మారింది. మూడు తీగల్లో ఎంతెంత కరెంటు పోతోందో చూపించింది. ఇంకోసారి నొక్కాడు. ఎంటర్ నొక్కితే లోపలికి వెళ్ళింది, ఎస్కేప్ నొక్కితే బయటికి వచ్చింది. లోపల ఒకచోట సెట్టింగులు ఉన్నాయి, ముట్టుకుంటే పాస్‌వర్డు అడిగింది. ఆ పాస్‌వర్డు ఎవరికీ తెలియకూడదని రిలే పక్కనే కాగితం మీద రాసి అంటించి ఉంది. ఇంకోచోట పాత ట్రిప్పులన్నీ, అంటే లైను పడ్డ సందర్భాలన్నీ, వరుసగా ఉన్నాయి. మార్కెట్ ట్రిప్పు దొరికింది. బాబాయ్ వేలు గాల్లోనే ఆగిపోయింది. మూడు తీగలూ కలిసిపోయాయనీ, కరెంటు మామూలు కంటే ఇరవై రెట్లు పోయిందనీ శుభ్రంగా, ఓపిగ్గా, పేలేలోపే మూడుసార్లు రాసి ఉంది. బతిమాలినట్టే ఉంది.

ఆనాటి నుంచి ఆయన మారాడు. ఎంత మారాడంటే, తోటివాళ్ళకి భరించడం కష్టమైపోయింది. లైను పడితే ముందు కళ్ళజోడు, తరవాత కలం, ఆ తరవాత దీపాలు పైకి చదవడం, రాసింది మళ్ళీ ఓసారి చదవడం. రీసెట్ చిట్టచివర.

మూడునెలలకి ఒక మధ్యాహ్నం ఇంజనీరు కంట్రోల్ రూములోనే ఉండగా స్టేషన్ రోడ్డు ఫీడరు పడింది. ఆ రోడ్డులోనే ఎవరో పెద్దాయన ఒక షోరూము ప్రారంభించడానికి వచ్చి ఉన్నాడు. కత్తెర చేతిలో ఉండగా కరెంటు పోయిందట. ఇంజనీరు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"నొక్కు బాబాయ్, నొక్కు!"

"ఒక్క నిమిషం సార్. మొదటి తీగ దీపం వెలిగింది. భూమి దీపం వెలిగింది, అంటే కరెంటు నేలలోకి దిగింది. రెండే. ఇది కొమ్మలా లేదు సార్. తీగ తెగి కిందపడ్డట్టుంది. లైన్‌మన్‌ని పంపించాను."

"వాడు సైకిలేసుకుని వెళ్ళొచ్చేసరికి అక్కడ నా ఉద్యోగం పోతుంది! ముందు బ్రేకరు వెయ్యి. ఇది నా ఆర్డరు."

బాబాయ్ స్టూలు మీంచి లేచి పక్కకి జరిగాడు. చెయ్యి మాత్రం లాగ్ బుక్కుమీదే ఉంది.

"అయితే మీరే నొక్కండి సార్. ఇదిగో రీసెట్, ఇదిగో క్లోజ్. టైము అది రాసుకుంటుంది. పేరు నేను రాసుకుంటాను."

ఇంజనీరు వేలు చాచాడు. ఆ వేలు పసుపుపచ్చ బటనుకి జానెడు దూరం దాకా వెళ్ళింది. అక్కడ కాసేపు ఆలోచించింది. ఇంతలో ఆయన జేబులోని ఫోను, మోగకుండానే, చాలా అర్జెంటుగా మోగింది కాబోలు, దాన్ని చెవికి ఆనించుకుని "హలో, హలో" అంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ముప్పావుగంటకి లైన్‌మన్ ఫోను చేశాడు. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"బాబాయ్, వెయ్యలేదు కదా?"

"లేదురా. చెప్పు."

"తీగ తెగి బస్‌స్టాపు ఇనుప కమ్మీల మీద పడుంది. నేను వచ్చేసరికి పదిమందికి పైనే ఉన్నారు, ఆ కమ్మీలకి ఆనుకుని నిలబడి మనల్నే తిడుతున్నారు, కరెంటు ఇవ్వట్లేదని. జరగండ్రా బాబూ అంటే నన్నూ తిట్టారు."

బాబాయ్ ఫోను పెట్టేశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచినా మసగ్గానే ఉంది. అద్దాల తప్పు కాదు.

తరవాత జరగాల్సిన న్యాయం జరిగింది. సమయస్ఫూర్తితో ప్రమాదం తప్పించినందుకు ఇంజనీరుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. మూడు గంటలు కరెంటు ఆలస్యం చేసినందుకు బాబాయ్‌కి మెమో ఇచ్చారు. అదే కవరులో ఇంజనీరు సంతకంతో ఒక సర్క్యులరు కూడా వచ్చింది. ఇకమీదట ఆపరేటర్లందరూ దీపాలు చదివి, రాసుకుని, లైను చూసొచ్చాకే రీసెట్ నొక్కాలట. బాబాయ్ మెమోకి జవాబుగా ఆ సర్క్యులరునే జతచేసి, "ఈ ఉత్తర్వు రాకముందే పాటించినందుకు మన్నించగలరు" అని రాసి పంపాడు. ఆ ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఊళ్ళో మాత్రం ఆయన పరపతి పోయింది. ఈమధ్య కరెంటు పోయినప్పుడు ఎవరో ఫోను చేశారు.

"ఇదివరకు మీ ఆఫీసులో ఒక పెద్దమనిషి ఉండేవాడండీ. నిమిషంలో వేసేసేవాడు. బంగారంలాంటి మనిషి. ఆయనేమయ్యాడు?"

"ఆయనకి బదిలీ అయిందండీ," అన్నాడు బాబాయ్.

"అనుకున్నాను. పనిచేసేవాళ్ళని ఉండనివ్వరు కదా!"

"నిజమేనండీ," అని ఒప్పుకుని ఫోను పెట్టేశాడు. తెరమీద రెండో తీగ దీపం, భూమి దీపం వెలుగుతున్నాయి. బుక్కులో టైము రాసి, లైన్‌మన్ నంబరు కలిపాడు.