అందరిదీ ఒకే జవాబు

మా డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఒక మూల ఇనప బీరువా ఉంది. మా పిల్లలు రాసిన పరిశోధన గ్రంథాలన్నీ అందులోనే ఉంటాయి. అట్ట మీద పేరు చూస్తే చాలు, ఏ కాలంలో రాసిందో చెప్పేయొచ్చు. అడుగు అరలో అంతా సమ్మెలు, లాకౌట్లు, యూనియన్లు. దాని పైన మూతబడిన మిల్లులు, కాంట్రాక్టు కార్మికులు. ఆ పైన పొదుపు సంఘాలు. ఒక దశలో పొదుపు సంఘాల మీద కాకుండా వేరేదాని మీద రాస్తానన్న విద్యార్థిని జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు చూసేవాళ్ళం. ఆ తర్వాత ఉపాధి హామీ. ఇప్పుడు అన్నిటికంటే పై అరలో, ఫోన్లో ఆర్డరు మోగగానే బండెక్కి పరిగెత్తే డెలివరీ కుర్రాళ్ళు. బెజవాడ బీసెంట్ రోడ్డు షాపుల్లో చీరల డిజైన్లు మారినట్టే మా శాస్త్రంలోనూ మారతాయి. పాత డిజైను కట్టుకుని వస్తే సెమినార్లలో ఎవరూ ఏమీ అనరు, కాని ఒకసారి పైనుంచి కిందికి చూస్తారు.

నేను అడుగు అర మనిషిని. నేను చదువుకునే రోజుల్లో పారిశ్రామిక సంబంధాలంటే మిల్లు గేటు దగ్గర షిఫ్టు దిగేవేళ నిలబడి నలుగురితో మాట్లాడటం. ఇప్పుడు నలుగురితో మాట్లాడితే కుదరదు, ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాలి. ప్రతి మనిషినీ ఒక వరుసగా కంప్యూటర్లో ఎక్కించి, ఎవరి జవాబు ఎవరి జవాబుకి ఎంత తేడాగా ఉందో లెక్క తీయాలి. ఆ తేడాలోనే అసలు సంగతి ఉంటుందంటారు. అది తప్పని నేను అనను. ఆ పద్ధతిలో మంచి పని చేసినవాళ్ళు మా కాలేజీలోనే ఉన్నారు. కాని నాకు ముక్కు మీద కోపం. "యూనియన్లా మేడమ్? ఇంకా ఎక్కడున్నాయండీ?" అని ఎవరైనా నవ్వితే ఆ పూట నాకు కాఫీ కూడా సహించదు.

ఆ పిల్ల నా దగ్గర పరిశోధనకు చేరింది ఇలాంటి కాలంలోనే. పామర్రు దగ్గర ఒక ఊరు వాళ్ళది. క్రిస్టియన్ కుటుంబం, సొంత పొలం లేదు. తల్లి నాట్ల ముఠాలో పనిచేస్తుంది. ముఠా అంటే కలిసి ఊడ్పులకు వెళ్ళే ఆడవాళ్ళ జట్టు. ఎకరానికి ఇంత అని రైతుతో గుత్తకు మాట్లాడుకుంటారు, నాటు అయ్యాక వచ్చింది అందరూ సమానంగా పంచుకుంటారు. ఆ ముఠా మీదే పరిశోధన చేస్తానని ఆ పిల్ల అంటే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. బెజవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, బస్సులో వెళ్తూ వస్తూ చదువుకునేది. ఆ కాలేజీ వాళ్ళు డాక్టరేట్ లేనివాళ్ళని వచ్చే ఏడాదికి ఉంచేది లేదని చెప్పేశారు. ఇక్కడ చూస్తే గడువు అప్పటికే ఒకసారి పొడిగించాం, ఇంకోసారి పొడిగించే వీల్లేదు.

పరిశోధన కమిటీలో నేను కాక ఇద్దరు. ఒకరు మా హెడ్ గారు, గొడవలంటే గిట్టని మనిషి. రెండో ఆయన స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టారు, నాకంటే చాలా చిన్నవాడు. చెడ్డవాడు కాదు. లెక్క తేలకపోతే ఆయనకు నిద్ర పట్టదు, అంతే. ప్రశ్నల్లో ఒకటి తప్పనిసరిగా ఉండాలని పట్టుబట్టింది ఆయనే: కూలి ఎంతకు తగ్గితే నువ్వు పనికి వెళ్ళవు? మా శాస్త్రంలో ఇప్పుడు బాగా నడుస్తున్న ప్రశ్న అది. ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి ఒక్కొక్కరి జవాబు ఉంటుందని, ఆ తేడాల్లోంచి కూలి బజారు ఎలా నడుస్తుందో పట్టుకోవచ్చని నమ్మకం.

నాట్లు సగంలో ఉండగా ఆ పిల్ల సర్వే పూర్తిచేసి తెచ్చింది. రెండు రోజుల తర్వాత స్టాటిస్టిక్స్ మాస్టారు స్టాఫ్ రూములో లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"మేడమ్, ఒకసారి ఇది చూడండి. వయసు, పిల్లలు, చదువు వేరువేరుగా ఉన్నాయి. కూలి గురించి అడిగినవన్నీ ఒక్కటే. ఎంతకు తగ్గితే వెళ్ళరంటే అందరిదీ అదే మాట. ఎవరు ఎంత పని చేస్తారంటే అందరూ సమానం. ఒక్క మనిషి కూడా అటూ ఇటూ లేదు."

"అయితే?"

"అయితే ఏముందండీ, ఇది పొలం గట్టు మీద రాసింది కాదు. ఇంట్లో కూర్చుని నింపింది. మనుషులు ఇలా చెప్పరు."

దొంగ డేటా అని తేలితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆ సంగతి ఆయన అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరికీ తెలుసు.

ఆ పిల్లని పిలిచి తలుపేశాను. "నిజం చెప్పు. ఇవి నువ్వే నింపావా?"

"లేదు మేడమ్. ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి, ఒక్కళ్ళనే కూర్చోబెట్టి అడిగాను. మీరెలా చెప్పారో అలాగే."

"మరి మీ అమ్మ?"

"అమ్మ కూడా అదే చెప్పింది మేడమ్."

"కన్నకూతురికి కూడానా?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అమ్మకి అవసరం ఎంతుందో నాకు తెలుసు కదా మేడమ్. ఇంకా తక్కువైనా వెళ్తుంది. నాకోసమే వెళ్ళింది ఎన్నోసార్లు. అయినా కాయితం తీసేసరికి అందరిలాగే చెప్పింది. నేనేం రాయను?"

నాకు ఆ పిల్ల మీద నమ్మకం ఉంది. కాని నమ్మకాన్ని కమిటీ ముందు పెడితే చెల్లదు. "ఆదివారం నేనే వస్తాను" అన్నాను.

పామర్రు బస్సులో కంకిపాడు దాటేసరికి కిటికీకి రెండువైపులా నాటిన మళ్ళు, కాలవ నిండా ఎర్ర నీళ్ళు. ఊరు చేరేసరికి చర్చిలో ఆరాధన అయిపోయింది. తెల్ల చీరల్లో ఆడవాళ్ళు బైబిలు సంచులు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. ముఠాలోవాళ్ళు ముప్పాతిక మంది అక్కడే ఉన్నారు. ఒకావిడని పక్కకు పిలిచి, తియ్యగా మాట్లాడి, కూలి సంగతి ఎత్తాను. ఆవిడ నవ్వి, "అందరిదీ ఎట్టాగో నాదీ అట్టాగేనండి" అంది. ఇంకొకావిడా అంతే. మూడో ఆవిడ నేను నోరు తెరవకముందే, "వాళ్ళు చెప్పారుగా అండీ" అనేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో నన్నింత మర్యాదగా వెనక్కి పంపినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం ఆ పిల్ల ఇంట్లో భోజనం. కోడికూర, గోంగూర పచ్చడి. తల్లి బక్కపల్చని మనిషి. మోకాళ్ళ దాకా బురదలో నిలబడి నిలబడి కాలి వేళ్ళ సందులు పాసిపోయి ఉన్నాయి. కొసరి కొసరి వడ్డించింది. ఇల్లు ఖాళీగా ఉంది కదా అని, చెయ్యి కడుక్కుని నెమ్మదిగా అదే ప్రశ్న అడిగాను. ఆవిడ వెంటనే లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "వదినా! ఓసారి ఇటు రా. చెల్లిని కూడా తీసుకురా" అని కేకేసింది. వాళ్ళు వచ్చి కూర్చున్నాకే నోరు విప్పింది. చెప్పిన జవాబు నాకు అప్పటికే కంఠతా వచ్చు.

"ఎందుకమ్మా ఇలా? ఎవరి సంగతి వాళ్ళు చెబితే ఏం పోతుంది?" అన్నాను, కాస్త విసుగ్గానే.

ముగ్గురూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ చెప్పుకొచ్చారు. ఒక సీజన్లో ముఠాలో ఒకావిడ బిడ్డకి జబ్బు చేసి, ఎంతిచ్చినా వస్తానని ఒక రైతుతో అందట. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఆ ఏడు ఏ రైతూ పాత రేటుకి ఒప్పుకోలేదు. ఏం చేయాలో తేల్చుకోవడానికి అందరూ కూర్చుని, ఎవరడిగినా ఇక ఒకటే మాట చెప్పాలనుకున్నారు. రైతు అడిగినా, మేస్త్రి అడిగినా, పాస్టరుగారు అడిగినా సరే. ఆ జబ్బు ఏ బిడ్డకి అన్నదాని మీద మటుకు ముగ్గురికీ కుదరలేదు. కాసేపు వాదించుకుని వదిలేశారు.

"రైతులు సరే. నేను నీ కూతుర్ని కదమ్మా" అంది ఆ పిల్ల. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చుంది.

"కూతురివే. కాదన్నానా?" అంది తల్లి. "కాయితం పట్టుకొచ్చి అడిగావుగా. కాయితం ఎవరి చేతికెళ్తుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

ముఠాలో ఒక ముసలమ్మ ఉంది. చెయ్యి నెమ్మది, వంగితే లేవలేదు. వచ్చేటప్పుడు వీధి అరుగు మీద కనబడితే, నీ వాటా ఎంతని అడిగాను. ఆవిడ నోరు తెరవకముందే పక్కింట్లోంచి ఎవరో, "అందరితో సమానమేనండి!" అని అరిచారు. ముసలమ్మ నా వైపు చూసి, అవునన్నట్టు తలూపింది.

తిరుగు బస్సులో నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది. అడుగు అరలో దుమ్ము పట్టిందనుకున్నది మాగాణిలో పచ్చగా ఉంది. గేటు లేదు, జెండా లేదు, రిజిస్టరైన సంఘం లేదు. అయినా బేరం ఆడేది అందరూ కలిసే. మేం విడివిడిగా ప్రశ్నలు పట్టుకెళ్ళాం, వాళ్ళు విడిపోలేదు. ఈ ముక్క చుట్టూ గ్రంథం తిరగరాయొచ్చని ఆ పిల్లకి చెబుతూనే ఉన్నాను, కంకిపాడు నుంచి బెంజి సర్కిల్ దాకా. ఆ పిల్ల విని విని, "కమిటీ నమ్ముతుందా మేడమ్?" అని మాత్రం అడిగింది.

కమిటీ సమావేశం కలుపుతీతల రోజుల్లో పడింది. నేను చూసిందంతా చెప్పాను. స్టాటిస్టిక్స్ మాస్టారు శ్రద్ధగానే విన్నాడు.

"మేడమ్, మీరు చెప్పేది బాగుంది. కాని మీరు వెళ్ళింది ఆ అమ్మాయితోనే. అందరూ ఆ అమ్మాయికి కావలసినవాళ్ళే. బయటివాళ్ళు అడిగితే మీరేం చెబుతారు?"

నాకు ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చిన మాట, ఎదురుగా ఉన్న ఆ పిల్ల ముఖం చూసి మింగేశాను. టేబుల్ అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"మీరే అడగండి" అన్నాను. "సర్వే కాయితాల మీద ఫోన్ నంబర్లున్నాయిగా. మీకు నచ్చినావిడకి చెయ్యండి."

హెడ్ గారు ఇబ్బందిగా కదిలారు. మాస్టారు మాత్రం న్యాయంగా, కళ్ళు మూసుకుని ఒక నంబరు మీద వేలు పెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. అన్నాలవేళ. గట్టు మీద గిన్నెల చప్పుడు, గాలి చప్పుడు. ఆయన తనెవరో చెప్పి, కూలి ప్రశ్న అడిగాడు.

"ఒక్క నిమిషం ఉండండి బాబూ" అంది ఆవిడ. తర్వాత దూరంగా, "ఇదిగో, కాలేజీ నుంచంట! కూలి సంగతి అడుగుతున్నారు!" గిన్నెల చప్పుడు ఆగింది. గొంతులన్నీ ఫోన్ చుట్టూ మూగాయి. జవాబు ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేశారు, చివర్లో ఎవరో నవ్వారు. లాప్‌టాప్‌లో ఉన్నదే, పొల్లు పోకుండా. ఎవరు ఎక్కువ పని చేస్తారని అడిగాడు. "అందరం సమానమేనండి." ఈసారి హెడ్ గారు కూడా నవ్వేశారు.

మాస్టారు నవ్వలేదు. ఫోన్ దగ్గరికి వంగాడు.

"చూడండమ్మా. ఈ జవాబులన్నీ మీ ఊరి అమ్మాయి ఇంట్లో కూర్చుని సొంతంగా రాసుకుందని నేనంటే, మీరేమంటారు?"

అవతల ఎవరో, "ఏం చెబుదామే?" అని గొణిగారు. "ఉండండి, మిగతావాళ్ళని రానివ్వండి" అని ఇంకెవరో. అంతలో ఒక గొంతు ఫోన్‌కి బాగా దగ్గరగా వచ్చింది. కోడికూర కొసరి కొసరి వడ్డించిన గొంతు.

"అది అట్టా రాయదండి. దాని తల్లిని నేను. ఇది ముఠా మాట కాదు, ఎవర్నీ అడిగి చెప్పట్లేదు. ఇది నా ఒక్కదాని మాట. రాసుకోండి."

మాస్టారు వెనక్కి వాలాడు. "రాసుకుంటానమ్మా" అన్నాడు మెల్లగా. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, "ఇంత సర్వేలోనూ తేడాగా వచ్చిన జవాబు ఇదొక్కటే. ఎక్కడ వేద్దామంటావ్?" అన్నాడు.

ఆ పిల్ల చున్నీలో ముఖం దాచుకుంది. హెడ్ గారు పెన్ను మూత తీసి, ఆమోదం కాయితం మీద సంతకం ఎక్కడ పెట్టాలని నన్నడిగారు. చూపిద్దామంటే నాకు ఆ కాయితం మసకగా కనబడింది. ఫోన్ ఆపాలని ఎవరికీ తోచలేదు. అవతల ఆవిడ ఇంకా లైన్లోనే ఉంది.

"వినపడిందా అండీ? మళ్ళీ చెప్పమంటారా?"