కిటికీ గట్టు మీద అడ్డచుట్ట

దెయ్యాలను నమ్మేవాణ్ణి ఆరోగ్యశాఖలో పెట్టుకోకూడదని నా అభిప్రాయం. నమ్మకుండానే ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. ఇప్పుడూ నమ్మను. ఈ ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, పొగ తాగొద్దని చెప్పే పనిలో ఉండేవాణ్ణి. ప్రభుత్వం వారు ఇచ్చిన బొమ్మల చార్టు ఒకటి నా సంచిలో ఉండేది. అందులో ఒక మీసాలాయన చుట్ట కాలుస్తుంటాడు, పక్కనే నల్లబడిన ఊపిరితిత్తులు. మా వైపు ఆడవాళ్లది అడ్డచుట్ట. నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. చార్టు గీసినాయనకు ఆ సంగతి తెలీదు పాపం.

"ఇది మగోల జబ్బు గదా బాబూ. మా నిప్పు లోపలే ఉంటాది" అని వాళ్లు నవ్వేవారు.

అందరికంటే గట్టిగా నవ్వింది మా అత్త. తర్వాత కొన్నాళ్లకే అంగిట్లో పుండు లేచి, దాంతోనే చనిపోయింది.

అత్త అంటే మా మేనమామ భార్య. వాళ్లకు పిల్లల్లేరు. అమ్మ పోయాక నన్ను పెంచింది వాళ్లిద్దరే. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక మావయ్య ఒక చుట్ట ముట్టించి, రెండు దమ్ములు లాగి ఆమెకు ఇచ్చేవాడు. ఆమె దాన్ని తిప్పి నోట్లో పెట్టుకునేది.

ఆమె పోయిన ఏడాదికి మావయ్యకు దగ్గులో రక్తం పడింది. విశాఖపట్నం తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తిలో క్యాన్సర్ అన్నారు. కోసే దశ దాటిపోయింది, పాతికసార్లు కరెంటు పెట్టాలన్నారు. పెద్ద యంత్రం కింద పడుకోబెట్టి కిరణాలు పంపడాన్ని మా జనం అలాగే అంటారు. పూర్తిగా పెట్టించుకుంటే ఏడాది పైన బతకొచ్చు, మధ్యలో మానేస్తే రెండు మూడు నెలలు. చుట్ట ముట్టుకుంటే పేరు కొట్టేస్తానని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. నేను సెలవు పెట్టి ఆసుపత్రిలో మంచం పక్కన కాపలా కూర్చున్నాను. మావయ్య ఆ రోజే చుట్ట మానేశాడు.

పన్నెండో కరెంటు పెట్టిన రోజు మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. పక్కనున్న కిటికీ గట్టు మీద సగం కాలిన చుట్ట ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. లేపి చెడామడా తిట్టాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాది కాదురా. నిప్పుకాడ తడి సూడు" అన్నాడు.

చూశాను. కాలిన కొస ఉమ్మితో తడిసి ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. రెండో కొస పొడిగా ఉంది. అది మగవాళ్ల వార్డు, మేడ మీద. పక్క మంచం ఖాళీ. నాలుగింటి దాకా బయటివాళ్లను రానివ్వరు. ఆ పూట నర్సు తప్ప ఆడమనిషి ఎవరూ మెట్లెక్కలేదని గుమ్మం దగ్గరి జవాను తర్వాత నాకు చెప్పాడు.

"మీ అత్త వచ్చీసినాది. ఇంకేటి, ఎల్లిపోదాం పద" అంటూ మావయ్య పంచె సర్దుకుని లేచాడు.

నాకు భయం వేసింది. ఆమె వచ్చిందని కాదు, ఆయన వెళ్లిపోతాడని. నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను. "అది నాదే మావా. నేనే కాల్చాను."

"అడ్డచుట్ట? నువ్వు? ఏదీ, కాల్సు సూస్తాను."

వరండాలోకి నడిచాం. అగ్గిపెట్టె జవాను దగ్గర తీసుకున్నాను. చుట్ట ముట్టించి, నిప్పు కొస నోట్లో పెట్టుకున్నాను. ఊరందరికీ నీతులు చెప్పినవాణ్ణి, నేను కాల్చిన మొదటి చుట్ట అదే. నాలుక చుర్రుమంది. కళ్లు బైర్లు కమ్మి, గోడ పట్టుకుని ఉమ్మేశాను. మావయ్య నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తెరిపిచ్చాక నా ముఖం కాసేపు చూసి, వెళ్లి మంచం మీద కూర్చున్నాడు.

మిగిలిన పదమూడూ పెట్టించుకున్నాడు. ఇంటికొచ్చి పద్నాలుగు నెలలు బతికాడు. మేనల్లుడే బతికించుకున్నాడని ఊళ్లో అన్నారు. నేనూ అలాగే అనుకుని మురిసిపోయాను.

పోవడానికి వారం ముందు, నేను గంజి పడుతుంటే మావయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ కిటికీకాడ రోజూ సూసినానురా. మరి రానేదు. సుట్ట నీదని సెప్పినావు గదా, అది ఇనీసి ఎల్లిపోనాది." కోపంగా అనలేదు. గంజి తాగాడు.

ఆ చుట్ట కాల్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అబద్ధం ఆడినందుకు మాత్రం అత్తకు చాలాసార్లు క్షమాపణ చెప్పుకున్నాను.