సున్నం మామ పూత

గనిలో అందరూ ఆయన్ని సున్నం మామ అనేవారు. ఆ పేరు వింటే ఆయనకి ఒళ్ళు మండేది. "సున్నం కాదయ్యా, రబ్బరు పూత. తేడా తెలీనివాడు నా దగ్గరికి రావద్దు" అనేవాడు. పూత కలిపి ఇచ్చే పని నాది. ఆయన కసిరినన్ని సార్లు నన్ను నా భార్య కూడా కసరలేదు.

గని రాతిలోంచి రేడాన్ అనే వాయువు ఊరుతుంది. రంగూ లేదు, వాసనా లేదు. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి క్యాన్సర్ తెస్తుంది. ఆయన బావ అలాగే పోయాడు. ఆ బావ కొడుకే, ఎంత వద్దన్నా వినకుండా, అదే గనిలో రాయి ఊడిపడకుండా కప్పుకి బోల్టులు బిగించే పనిలో చేరాడు. అతనికే కూతుర్నిచ్చాడు మామ. ఇక ఒకటే ధ్యాస: అల్లుడు తిరిగే చోటల్లా ఆ పాడుగాలి రాకుండా మూసెయ్యాలి.

మూయడంలో ఆయన్ని మించినవాడు లేడు. వెంట్రుకంత పగులు కనిపించినా లప్పం కూరి, నున్నగా లాగి, ఆపైన పూత వేసేవాడు. "మామయ్యా, నువ్వు పూశాక కప్పులో నాకేమీ కనపడట్లేదు" అన్నాడు అల్లుడు ఓసారి, నవ్వుతూనే. "కనపడకూడదనేగా పూసేది" అని ఈయన మురిసిపోయాడు పాపం.

వాయువు వచ్చే పగులే రాయి ఊడబోతోందని చెప్పే పగులు కూడా. అందుకే ముందు బోల్టులు, తర్వాత పూత. కొత్త సొరంగంలో మాత్రం మామ ఆగలేకపోయాడు. అల్లుడు అందులో ఊపిరి పీల్చకముందే పూసేస్తానని పట్టుబట్టాడు. పై అధికారి సరేనన్నాడు. అల్లుడు వచ్చేసరికి కప్పంతా తెల్లగా, నున్నగా ఉంది. పగులు ఎక్కడుందో తెలియక బోల్టు ఎడంగా బిగించాడు. మంచమంత రాతిపలక ఊడి అతని కాళ్ళ మీద పడింది. మేం గడ్డపారలతో దాన్ని లేపినప్పుడు చూశాను, దాని మీద పూత ఒక్కచోట కూడా చిట్లలేదు.

కాళ్ళు రెండూ తీసేశారు. మామ తిండి మానేసి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. "నేనే కప్పెట్టానురా దాన్ని" అన్నాడు నాతో.

కూతురు లోపల్నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. తిట్టినా బాగుండేది. చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"నాన్నా, ఎక్స్‌రే తీశారు. ఆయన ఊపిరితిత్తులకి ఏమీ లేదట. చంటిపిల్లాడికి ఉన్నట్టున్నాయట."

అప్పటిదాకా కన్నీరు పెట్టని మనిషి భోరుమన్నాడు.